కదలిపోయే చుక్కలు

అనంతపురం సీమలో ఆకాశం వైపు చూడని మనిషి లేడు. మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు, దున్ని సిద్ధపరచిన ఎర్రనేల గట్టున నిలిచి రైతు పడమటి మబ్బు కోసం చూస్తాడు. విత్తనం పడిన తరువాత బెట్ట తగిలితే, వాడిపోతున్న వేరుశనగ చేను నడుమ నిలిచి మరల ఆకాశాన్నే చూస్తాడు. పడమటి కనుమలు అడ్డుపడడంవల్ల నైరృతి ఋతుపవనం ఈ పీఠభూమికి చేరేసరికి తన తేమను చాలావరకు పోగొట్టుకొని ఉంటుంది. ఈశాన్య ఋతుపవనం తూర్పు తీరానికి ఇచ్చినంత వాన ఇక్కడికి తేలేదు. ఫలితంగా సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఈ నేలకు దక్కుతున్నది. రాజస్థానంలోని జైసల్మేరు తరువాత ఇంత తక్కువ వాన కురిసే జిల్లా దేశంలో ఇదేనని చెప్పుకోవడం మనం వింటూనే ఉన్నాము.

పగటివేళ మనకు ఆశాభంగం కలిగించే ఆ నిర్మలాకాశమే రాత్రి అయ్యేసరికి మరొక ముఖం చూపుతుంది. చలికాలం మొదలుకొని ఎండాకాలం వరకు ఇక్కడ మబ్బుతునక లేని రాత్రులు ఎన్నో వస్తాయి. కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర ప్రాంతాల పల్లెలలో ఊరి దీపాలను దాటి కొంతదూరం నడిచిపోతే పాలపుంత తెల్లని చారవలె నెత్తిమీద కానవస్తుంది. గొర్రెల మందతో బయలులో పడుకొనే కాపరికి, అడవిపందుల బెడదకు చేనుకావలి ఉండే రైతుకు ఈ ఆకాశం చిరపరిచితమైనదే. పిల్లలకోడి ఎప్పుడు పొడుస్తుందో, వేగుచుక్క ఎప్పుడు లేస్తుందో వారు గడియారం లేకుండానే చెప్పగలరు. అయితే వారికి తెలిసిన ఆ చుక్కల నడుమ అప్పుడప్పుడు కదలిపోయే చుక్కలు కూడా కనబడతాయి. ఒకటి కన్ను మూసి తెరిచేలోగా జారి మాయమవుతుంది. మరొకటి చప్పుడు లేకుండా, తొందర లేకుండా ఆకాశాన్ని దాటిపోతుంది. ఇవి ఏమిటి? ఒకదాని నుండి మరొకదానిని గుర్తించడం ఎట్లా? గుర్తించినందువల్ల కరువు సీమవారికి ఒరిగేది ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పుకోవడమే ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా చూచే పద్ధతిని గురించి రెండు మాటలు. దీపపు వెలుగులో నుండి చీకటిలోకి వచ్చిన కంటికి పూర్తి చూపు రావడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. ఈ నడుమ ఒక్కసారి చేతిలోని ఫోను వెలిగించినా కథ మొదటికి వస్తుంది. వెలుతురు తప్పనిసరి అయితే టార్చిలైటు ముఖానికి ఎర్రగుడ్డ కట్టుకోవచ్చు. చాప పరచుకొని వెల్లకిలా పడుకొంటే మెడ నొప్పి లేకుండా ఆకాశమంతా కంటికి అందుతుంది. దూరదర్శిని అక్కరలేదు. అది ఆకాశంలో ఒక చిన్న ముక్కను మాత్రమే చూపుతుంది గనుక ఈ పనికి ఆటంకమే తప్ప సాయం కాదు.

తరువాత దిక్కులు తెలియాలి. అనంతపురం భూమధ్యరేఖకు ఉత్తరాన 14 డిగ్రీల 41 నిమిషాల అక్షాంశం మీద ఉన్నది. ఏ ఊరి అక్షాంశం ఎంతో ఆ ఊరిలో ధ్రువనక్షత్రం ఎత్తు కూడా దాదాపు అంతే. కనుక ఇక్కడ ధ్రువుడు ఉత్తర దిక్కున, నేల కలిసే చోటికి సుమారు 15 డిగ్రీల ఎత్తున ఉంటాడు. చేయి చాచి పిడికిలి బిగించి పట్టుకొంటే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. కాబట్టి ధ్రువుడి ఎత్తు ఒకటిన్నర పిడికిలి. ఈ పిడికిలి కొలత జ్ఞాపకం ఉంచుకొంటే ఏ వస్తువు ఎంత ఎత్తున కనబడినదో ఎవరైనా చెప్పగలరు.

దారి తప్పించే దీపాలను కూడా ముందే గుర్తుపట్టవలసి ఉన్నది. దేవనహళ్లి విమానాశ్రయం నుండి ఉత్తరానికి పోయే విమానాలు ఈ సీమ మీదుగా ఎగురుతూ ఉంటాయి. వాటి దీపాలు వెలిగి ఆరుతూ ఉంటాయి. కొంతసేపటికి ధ్వని కూడా వినిపిస్తుంది. కొండల మీద నిలిపిన గాలిమరల శిఖరాన ఎర్రదీపాలు మెరుస్తూ ఉంటాయి. అవి ఎంతసేపు చూచినా చోటు కదలవు. ఈ రెండింటినీ తీసివేస్తే మిగిలినవి ఉల్కలు, ఉపగ్రహాలు.

ఉల్క మనకు కొత్తది కాదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉల్కా లక్షణాలకు ఒక అధ్యాయమే కేటాయించినాడు. ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని వాటిని ఐదు విధాలుగా విభజించినాడు. ఫలశ్రుతి మాట ఎట్లా ఉన్నా, ఆకారాన్నీ వెలుగునూ ధ్వనినీ గమనించి వర్గీకరించవలెనన్న ఆలోచన గౌరవింపదగినది. పల్లెలలో మాత్రం చుక్క తెగిపడినది అంటారు. ఎవరో కన్నుమూసినారనీ, ఏదో కీడు జరుగుతుందనీ శంకిస్తారు. నిజానికి ఏ చుక్కా తెగిపడదు. మరునాటి రాత్రి లెక్కపెట్టుకొంటే కృత్తికలు కృత్తికలుగానే ఉంటవి, సప్తర్షులు సప్తర్షులుగానే ఉంటారు.

తోకచుక్కలు సూర్యుని సమీపించినప్పుడు తమ శరీరంలోని ధూళిని దారి పొడుగునా విడిచిపోతాయి. కొన్ని చిన్న గ్రహశకలాలు కూడా ఇట్లాగే ధూళిని రాలుస్తాయి. ఆ రేణువులలో చాలావరకు ఇసుక రవ్వంతవి, మహా అయితే శనగగింజంతవి. ఇవి సెకనుకు 11 నుండి 72 కిలోమీటర్ల వేగంతో మన వాయుమండలంలో ప్రవేశిస్తాయి. నేలకు సుమారు 80 నుండి 120 కిలోమీటర్ల ఎత్తున, ఆ వేగానికి ఎదుటి గాలి నొక్కుకొనిపోయి మహోష్ణం పుడుతుంది. రేణువు ఆవిరై, చుట్టూ ఉన్న గాలి వెలుగుతుంది. మనం చూచేది ఆ వెలుగును. సాధారణంగా అది ఒక సెకను కాలం కూడా నిలవదు.

ఇంత ఎత్తు అని ఎవరు కొలిచినారు? 1798లో జర్మనీలోని గొట్టింజెన్ విశ్వవిద్యాలయంలో బ్రాండెస్, బెంజెన్‌బర్గ్ అనే ఇద్దరు విద్యార్థులు కొన్ని మైళ్ల ఎడంగా నిలిచి, ఒకే ఉల్క ఏ చుక్కల నడుమ కనబడినదో వేరువేరుగా గుర్తు వేసుకొన్నారు. ఇద్దరికీ అది వేరువేరు చోట్ల కనబడినది. ఆ తేడానుబట్టి త్రికోణగణితంతో ఎత్తు తేల్చినారు. అనంతపురంలో ఒకరు, సుమారు 95 కిలోమీటర్ల దూరంలోని హిందూపురంలో ఒకరు, గడియారాలు సరిచూచుకొని కూర్చొంటే ఇదే పని మన కళాశాల విద్యార్థులూ చేయగలరు. దీనికి కావలసినవి రెండు నక్షత్రపటాలు, రెండు పెన్సిళ్లు, కొంత ఓపిక.

ఏ రాత్రి అయినా గంటకు నాలుగైదు ఉల్కలు కనబడవచ్చు. సందెవేళకంటె తెల్లవారుజామున ఇవి ఎక్కువ. వానలో బస్సు పోతున్నప్పుడు వెనుక అద్దంకంటె ముందు అద్దం మీద చినుకులు ఎక్కువగా పడతాయి గదా! అర్ధరాత్రి దాటిన తరువాత మనం ఉన్న భూభాగం, భూమి తన కక్ష్యలో ముందుకు సాగే దిక్కుకు తిరుగుతుంది. అందుచేత ఆ వేళ రేణువులు మనకు ఎదురుగా వచ్చి తగులుతాయి.

కొన్ని ప్రత్యేక రాత్రులలో ఈ సంఖ్య అనేక రెట్లు పెరుగుతుంది. వీటిని ఉల్కావర్షాలు అంటారు. ఇవి ఏటా అవే తేదీలలో రావడానికి కారణం మన రైతులకు సులభంగా బోధపడుతుంది. మన కార్తెలు సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నదానినిబట్టి ఏర్పడినవి. అంటే, భూమి తన కక్ష్యలో ఏ చోట ఉన్నదో చెప్పే లెక్క అది. ధూళిబాట కూడా కక్ష్యలో ఒక చోట భూమి దారికి అడ్డంగా ఉంటుంది. భూమి ఆ చోటికి చేరిన ప్రతిసారీ ఉల్కలు రాలుతాయి. కనుక వానల కార్తెలవలె ఉల్కల కార్తెలు కూడా చెప్పుకోవచ్చు. వానల కార్తె మాట తప్పవచ్చునుగాని ఉల్కల కార్తె తప్పడం అరుదు.

భరణి కార్తెలో, మే 5, 6 తేదీల తెల్లవారుజామున, హేలీ తోకచుక్క విడిచిన ధూళి రాలుతుంది. ఐరోపావారికంటె దక్షిణాన ఉన్న మనకు ఇది బాగుగా కానవస్తుంది. ఆశ్లేష కార్తెలో, ఆగస్టు 12, 13 తేదీలలో, స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్క ధూళి వస్తుంది. ప్రపంచమంతటా దీనికి పేరు ఎక్కువ. ఆ రోజులలో మన ఆకాశాన్ని మబ్బులు కమ్మి ఉండవచ్చు. ఆశ్లేషలో వాన పడితే మంచిదే, పడకపోతే ఉల్కలైనా కనబడతాయి. విశాఖ కార్తెలో, నవంబరు 17, 18 తేదీలలో, సింహరాశి దిక్కునుండి వచ్చే ఉల్కలు మామూలు సంవత్సరాలలో కొద్దిపాటివే. వాటి మాతృక అయిన తోకచుక్క 33 సంవత్సరాల కొకసారి తిరిగివస్తుంది. ఆ సమీప కాలంలో ఒక్కొక్కప్పుడు అవి తుపానుగా మారడం కద్దు. 1833లోను, 1966లోను అమెరికాలో చూచినవారికి గంటకు వేలకు వేలు కనబడినవి.

వీటన్నిటిలో మన సీమకు తగినది జ్యేష్ఠ కార్తెలో వచ్చే ఉల్కావర్షం. డిసెంబరు 13, 14 తేదీలు, అంటే నెలగంట పెట్టడానికి రెండు మూడు రోజుల ముందు. అప్పటికి వానలు వెనుకపట్టి ఆకాశం సాధారణంగా తేటపడి ఉంటుంది. ఆ ఉల్కలు పునర్వసు నక్షత్రం దిక్కునుండి వచ్చినట్లు కనబడతాయి. రాత్రి తొమ్మిది గంటలకు పునర్వసు ఈశాన్యాన పైకి వచ్చి, రెండు గంటల వేళకు దాదాపు నడినెత్తికి చేరుతుంది. వెన్నెల లేని సంవత్సరాలలో, దీపాలకు దూరంగా, నిమిషానికి ఒకటి చొప్పున చూడవచ్చు. వీటి వేగం సెకనుకు 35 కిలోమీటర్లు మాత్రమే కనుక పిల్లలు కూడా తృప్తిగా చూడగలరు. ఈ ధూళి తోకచుక్కది కాదు. 1983లో కనుగొనబడిన ఫేథాన్ అనే గ్రహశకలానిది.

రేడియో శ్రోతలకు ఇక్కడ ఒక విశేషం చెప్పవలె. ఉల్క కాలిపోయిన దారిలో గాలి అణువులు విద్యుదావేశం పొంది, కొద్దిసేపు రేడియో తరంగాలకు అద్దంవలె పనిచేస్తాయి. ఎఫ్.ఎం. తరంగాలు మామూలుగా నేల వంపును దాటిపోవు. ఉల్కావర్షం వేళ, స్థానిక కేంద్రం లేని తరంగస్థానంలో రేడియో పెట్టి ఉంచితే, వేయి కిలోమీటర్ల అవతలి కేంద్రం మాటో పాటో ఒక్క క్షణం వినిపించి పోవచ్చు. మబ్బు పట్టినా, పట్టపగలైనా ఉల్కలను ఇట్లా చెవితో లెక్కించే శాస్త్రజ్ఞులు ఉన్నారు.

ధూళిరేణువులు నేలకు చేరవు. చేరేవి పెద్ద శిలలు. వాటిని ఉల్కాశిలలు అంటాము. తెలుగుదేశంలో ఇవి పడిన దాఖలాలు శతాబ్దాల నుండి ఉన్నవి. మన పొరుగున, మదనపల్లె సమీపాన గుర్రంకొండలో 1814లో ఒకటి పడినది. 1852లో నెల్లూరు ప్రాంతంలోను, 1934లో తిరుపతిలోను పడినవి. 1870లో పార్వతీపురం ప్రాంతాన నాలుగున్నర కిలోల ఇనుప ఉల్క జనం చూస్తుండగా పడినది. కళ్లెదుట పడిన ఉల్కలలో రాతివే మిక్కిలి ఎక్కువ, ఇనుపవి అరుదు. 1997 డిసెంబరులో కృష్ణా జిల్లా విస్సన్నపేటలో పడిన రాయి యూక్రైట్ అనే జాతికి చెందినది. ఆ జాతి శిలలు వెస్టా అనే గ్రహశకలంపై పుట్టినవని శాస్త్రజ్ఞుల నిర్ణయం. కోట్ల కిలోమీటర్ల అవతలి గోళపు ముక్క ఒక తెలుగు ఊరికి చేరినదన్న మాట. డిసెంబరులో పడినదిగదా అని దానిని పునర్వసు ఉల్కలతో ముడిపెట్టరాదు. ఆ ధూళికీ ఈ శిలకూ జన్మస్థానాలే వేరు.

ఉల్కాశిల మండుతూ నేలపై పడుతుందని చాలామంది తలుస్తారు. వాస్తవానికి నేలకు ఇరవై ముప్పై కిలోమీటర్ల ఎత్తుననే దాని వెలుగు ఆరిపోతుంది. తరువాత అది మామూలు రాయివలె చీకటిలో పడుతుంది. పైన నల్లని పలుచని పొర, పరిమాణానికి మించిన బరువు, అయస్కాంతానికి అంటుకొనే గుణం దానికి సాధారణ లక్షణాలు. అటువంటిది దొరికితే పగులగొట్టరాదు, కడుగరాదు. శుభ్రమైన కాగితంలో చుట్టి, పడిన చోటు గుర్తుపెట్టి, రెవెన్యూ అధికారులకు తెలుపవలె. మన దేశంలో వీటిని భద్రపరచి పరిశోధించే బాధ్యత భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వహిస్తున్నది.

మరొక హెచ్చరిక. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ నగరంపై సుమారు 20 మీటర్ల శిల ఒకటి ఆకాశంలోనే పగిలిపోయినది. పెద్ద వెలుగును చూచి జనం కిటికీల దగ్గరకు పరుగెత్తినారు. ఒకటి రెండు నిమిషాల తరువాత గాలి దెబ్బ వచ్చి అద్దాలు పగిలినవి. సుమారు 1500 మంది గాయపడినారు. వెలుగు ముందు వస్తుంది, ధ్వని వెనుక వస్తుంది. మెరుపు పిడుగుల విషయంలో ఎరిగిన ఈ సంగతిని ఇక్కడ కూడా మరువరాదు. కళ్లు చెదిరే వెలుగు కనబడితే కిటికీకి దూరంగా ఉండి, ధ్వని వచ్చేవరకు సెకనులు లెక్కపెట్టుకోవలె.

ఇక ఉపగ్రహాల సంగతి. 1957 అక్టోబరు 4న సోవియట్ రష్యా 83.6 కిలోల స్పుత్నిక్‌ను రోదసిలోకి పంపినది. ఆనాడు ప్రపంచమంతటా రేడియోలలో దాని పిలుపు విన్నారు, సందెవేళ మేడలెక్కి దానికోసం చూచినారు. వారిలో చాలామంది చూచినది స్పుత్నిక్‌ను కాదు. 58 సెంటీమీటర్ల ఆ గోళం కంటికి ఆనడం కష్టం. దాని వెంట తిరిగిన పెద్ద రాకెట్టు భాగమే వారికి కానవచ్చినది. 1960లో అమెరికా ఎగురవేసిన 30 మీటర్ల ఎకో అనే బుడగ మాత్రం నిజంగానే అందరికీ కనబడినది. మన దేశపు తొలి ఉపగ్రహం ఆర్యభట 1975 ఏప్రిల్ 19న రష్యా గడ్డపై నుండి లేచినది. 1980 జులై 18న మన శ్రీహరికోట నుండే, మన రాకెట్టు మీదనే, రోహిణి కక్ష్యకు చేరినది.

ఉపగ్రహానికి స్వంత వెలుగు లేదు. అయినా అది ఎందుకు మెరుస్తుంది? సాయంకాలం పెనుగొండ ఊరిలో నీడలు కమ్మినా కొండ కొమ్మున ఇంకా ఎండ పొడ ఉంటుంది గదా! అట్లాగే మనకు చీకటి పడినా, నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి సూర్యుడు అస్తమించడు. ఆ ఎండలో అది మెరుస్తుంది. అనంతపురంలో సూర్యాస్తమయం తరువాత సుమారు గంటా ఇరవై నిమిషాల వరకు నడినెత్తిన ఆ ఎత్తులో ఎండ ఉంటుంది. ఎనిమిది వందల కిలోమీటర్ల ఎత్తున అయితే దాదాపు రెండు గంటలు ఉంటుంది. తరువాత భూమి నీడ కమ్ముతుంది. అందుకే మొదటి జామున, తిరిగి తెల్లవారే ముందు మాత్రమే ఉపగ్రహాలు కానవస్తాయి. మన అక్షాంశంలో నడిరేయి తక్కువ ఎత్తున తిరిగే ఉపగ్రహాలు కనబడనే కనబడవు. నడిరేయి చుక్క కదిలితే అది ఉల్క గాని, విమానం గాని అయి ఉండవలె.

గుర్తించే లక్షణాలు సులభమైనవి. ఉపగ్రహం స్థిరమైన వెలుగుతో, ధ్వని లేకుండా, రెండు నుండి ఆరు నిమిషాలలో ఆకాశాన్ని దాటుతుంది. ఒక్కొక్కటి దారి మధ్యలోనే మెల్లగా మసకబారి మాయమవుతుంది. అది భూమి నీడలో ప్రవేశించినదని తెలుసుకోవలె. క్రమం తప్పకుండా వెలిగి ఆరుతూ పోయేవి తరచుగా దొర్లుతున్న పాత రాకెట్టు మొండేలు. భూమి తిరిగే దిక్కునే ప్రయోగిస్తే ఆ వేగం కలిసివస్తుంది గనుక చాలా ఉపగ్రహాలు పడమటి నుండి తూర్పు వైపు సాగుతాయి. అన్నిటికంటె ప్రకాశవంతమైనది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. 1998 నవంబరులో దాని మొదటి భాగం కక్ష్యకు చేరినది. 2000 నవంబరు నుండి అందులో ఎడతెగక మనుషులు నివసిస్తున్నారు. సుమారు 93 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టే ఆ కేంద్రం నైరృతి నుండి ఈశాన్యానికో, వాయవ్యం నుండి ఆగ్నేయానికో సాగుతుంది. అది శుక్రుని వెలుగుకు దీటుగా మెరిసిపోతుంది.

2019 మే నెల నుండి మరొక వింత తోడైనది. ఒక్క రాకెట్టుతో పదుల కొలది స్టార్‌లింక్ ఉపగ్రహాలను పంపినప్పుడు, మొదటి కొన్ని రోజులు అవి దారానికి గుచ్చిన ముత్యాలవలె వరుసగా సాగిపోతాయి. తెలియనివారు భయపడడంలో ఆశ్చర్యం లేదు. 2022 ఏప్రిల్ 2 సాయంకాలం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో మంటల చారలు ఆకాశాన్ని చీల్చుకొని పోయినవి. అవి చైనా రాకెట్టు శకలాలు. వాటిలో ఒక పెద్ద లోహపు వలయం చంద్రపూర్ జిల్లా సిందేవాహిలో పడినది. అటువంటి శకలాలు ఉల్కకంటె నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా విడిపోతూ, అర నిమిషానికి పైగా సాగుతాయి. ఒక సెకనులో ముగిసేది ఉల్క, అర నిమిషం మండుతూ పోయేది మనిషి చేసిన వస్తువు, నిమిషాల తరబడి చల్లగా సాగేది ఉపగ్రహం. ఈ మూడు ముక్కలు పిల్లలకు నేర్పితే చాలు, ఊరిలో పుకారు పుట్టదు.

గుర్తించినందువల్ల ఒరిగేది ఏమిటన్న ప్రశ్నకు ఇప్పుడు వస్తాను. ఉత్తర దక్షిణాలుగా సాగిపోయే చుక్కలలో కొన్ని భూమిని పరిశీలించే ఉపగ్రహాలు. మన మొదటి పూర్తిస్థాయి దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ 1988 మార్చి 17న కక్ష్యకు చేరినది. పచ్చని ఆకు సూర్యకాంతిలోని ఎరుపును పీల్చుకొని, కంటికి కనబడని పరారుణ కాంతిని తిరగగొడుతుంది. ఎండిన ఆకు ఆ పని సరిగా చేయలేదు. ఈ రెండు కాంతుల నిష్పత్తిని ఆకాశం నుండి కొలిస్తే, ఏ మండలంలో పైరు బాగున్నదో, ఎక్కడ బెట్టకు చిక్కినదో తెలుస్తుంది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థ 1980ల చివరినుండి ఈ పద్ధతిలో దేశంలోని వ్యవసాయ కరువును అంచనా కట్టడం ఆరంభించినది. మొదట అమెరికా వాతావరణ ఉపగ్రహాల చిత్రాలతోను, తరువాత మన ఉపగ్రహాల చిత్రాలతోను ఆ పని సాగినది.

మబ్బుల కోసం చూచే ఉపగ్రహాలు వేరు. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుండి లేచిన ఇన్సాట్-3డి.ఎస్. ఆ జాతిది. ఇవి 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితోపాటే తిరుగుతూ ఒకే చోట నిలిచినట్లు ఉంటాయి. మనకు నడినెత్తికి కొద్దిగా దక్షిణాన ఉన్నా, దూరంవల్ల కంటికి ఆనవు. మన ఊరి మీది ఆకాశాన్ని రాత్రింబగళ్లు కనిపెట్టి ఉండే ఆ కన్నును మనం చూడలేము. వాయుగుండం ఎటు కదులుతున్నదో, మబ్బు ఎక్కడ కూడుకొంటున్నదో అది పంపే చిత్రాలనుబట్టి రేడియోలో మీరు వాతావరణ సూచన వింటున్నారు. ఉపగ్రహం వాన కురిపించదు. వాన రాకడను ముందుగా చెప్పగలదు, రాని వానకు పైరు ఎంత నష్టపోయినదో సాక్ష్యం చెప్పగలదు. ఆ సాక్ష్యం విలువ కరువు ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ సంపదకు ఒక చేటు కూడా దాపురించుచున్నది. హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాల ఒకప్పుడు లక్షలాది నక్షత్రాల స్థానాలు కొలిచి అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణంలో పాలుపంచుకొన్నది. నగరం పెరిగి, దీపాలు పెరిగి, 1960లలో 48 అంగుళాల కొత్త దూరదర్శినిని నగరానికి దూరంగా రంగాపూర్‌లో నెలకొల్పవలసి వచ్చినది. నగరాలలో నేడు పాలపుంత చూచిన పిల్లలు అరుదు. మన పట్టణాల వీధిదీపాలు కూడా నేలకు వెలుగిచ్చినంత ఆకాశానికీ ఇస్తున్నవి. పైన పనిచేసే ఉపగ్రహాల సంఖ్య పది వేలు దాటినది. వాటి మెరుపు చారలు వేధశాలల చిత్రాలకు అడ్డు తగులుతున్నవి. లడఖ్‌లోని హాన్లేలో, వేధశాల చుట్టూ ఉన్న ప్రాంతాన్ని 2022 డిసెంబరులో చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించినారు. అక్కడి గ్రామస్థులు దీపాలకు మూతలు పెట్టి వెలుగును నేలకే మళ్లిస్తున్నారు, యాత్రికులకు నక్షత్రాలు చూపి జీవనం కూడా సంపాదిస్తున్నారు. అది కూడా వాన కరువైన పీఠభూమియే అన్న సంగతి మనం గమనింపదగినది.

మనం చేయగల పని పెద్దదేమీ కాదు. వీధిదీపానికి పైన రేకుమూత పెట్టించవచ్చు. పాఠశాలలో ఒక నోటుపుస్తకం ఉంచి, కదలిపోయిన చుక్క కనబడినప్పుడెల్లా తేదీ, వేళ, దిక్కు, పిడికిళ్లలో ఎత్తు, ఎన్ని సెకనులు కనబడినది, రంగు, ధ్వని వ్రాయించవచ్చు. వేళ కోసం గడియారాన్ని రేడియోతో సరిచూచుకోవచ్చు. జ్యేష్ఠ కార్తె రాత్రి పిల్లలు గంటకు ఎన్ని ఉల్కలు లెక్కించినారో ఏటేటా వ్రాసి ఉంచితే, కొన్నేళ్లకు అది ఉల్కల లెక్కతోపాటు మన చీకటి ఎంత మిగిలి ఉన్నదో చెప్పే లెక్క కూడా అవుతుంది. ఎప్పుడైనా ఒక శిల పడితే, రెండు మూడు ఊళ్ల పుస్తకాలలోని దిక్కులు కలిపి చూచి అది ఏ చేలో పడినదో తేల్చవచ్చు. ఆ పనిలో పట్టణపు పండితునికంటె గొర్రెల కాపరి సాక్ష్యమే ఎక్కువ పనికివస్తుంది. రాత్రంతా ఆకాశం కింద ఉండేవాడు అతడే గదా!

వానకోసం ఆకాశాన్ని చూడడం మనకు తప్పదు. మబ్బు లేని రాత్రి ఆ చూపును వెంటనే కిందికి దించుకొని తలుపు మూసుకోకుండా, ఒక అరగంట అక్కడనే నిలపండి. పక్కన పిల్లలను కూర్చోబెట్టుకోండి. జారిపోయే చుక్క ఏదో, సాగిపోయే చుక్క ఏదో వారు తమంతట తాము తేల్చి చెప్పిననాడు, ఈ నేలకు దక్కిన ఆకాశాన్ని మనం వృథా పోనీయలేదని తృప్తిపడవచ్చు.